గాలి గొట్టంలో పేడపురుగులు

మాఘం, చివరి వారం

ప్రయోగశాలలో ప్రతి ఇంజనీరూ రోజువారీ నమోదు రాయాలని నిబంధన. వాటిని ఎవరూ చదవరని కూడా అందరికీ తెలుసు. అందుకని నేను నిజాలే రాస్తుంటాను.

కొత్త యంత్రాలు వచ్చాయి. మొత్తం అరవై. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. నాలుగు చక్రాలు, ముందు రెండు బ్రష్షులు, వీపు మీద నల్లటి చదరపు గుర్తు, దాని పక్కన వెంట్రుక లాంటి యాంటెన్నా. దుమ్ము ఊడ్చి, జిగురునీటితో తడిపి, ఉండ చేసి, దొర్లించుకుంటూ పోవడం వీటి పని. మా ప్రొఫెసర్ మురహరి గారు వీటికి ‘స్వయంనిర్ణయ సూక్ష్మ సమూహం’ అని పేరు పెట్టారు. తోటమాలి నుంచి రిజిస్ట్రార్ దాకా తక్కిన విశ్వవిద్యాలయమంతా పేడపురుగులు అంటుంది. ఈ సంస్థలో ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఇదొక్కటే.

పొద్దుటినుంచీ పెట్టెలు విప్పడం, బ్యాటరీ బిగించడం, నంబరు ఇవ్వడం, ప్రోగ్రామ్ ఎక్కించడం, నేల మీద పెట్టి రేడియోలో పిలవడం. పిలిస్తే బ్రష్షులు ఒకసారి ఆడించాలి. పదిహేడో నంబరును పిలిచాను. రెండు ఆడించాయి. రెండింటికీ ఒకే నంబరు ఇచ్చింది మన జయంత్.

జయంత్ మురహరి గారి దగ్గర పరిశోధక విద్యార్థి. విద్యార్థి అనడానికి నాకు నోరు రాదు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. ప్రొఫెసర్ నవ్వితే నవ్వుతాడు, ప్రొఫెసర్ దగ్గితే మంచినీళ్ళు తెస్తాడు. ఈ యంత్రాల ప్రోగ్రామ్ మాత్రం అతనే రాశాడు. మనిషి ఆదేశం ఒక్కటి కూడా లేకుండా, వాటిలో అవి మాట్లాడుకుని, వాటంతటవే పని పంచుకుంటాయన్నది అతని సిద్ధాంత వ్యాసం.

“నెట్‌వర్క్ లోపమేమో సుమ గారూ” అన్నాడు.

“నెట్‌వర్క్ నంబర్లు వేయదు. మీరు వేశారు” అన్నాను.

నా పేరు సుంకమ్మ. ఈ పేరు సమావేశాల్లో పిలవడానికి బాగుండదని నేను చేరిన కొత్తలోనే మురహరి గారు సుమ అని కుదించారు. మూడక్షరాల పేరు పలకలేని మనిషికి అరవై యంత్రాలతో మాట్లాడే శాస్త్రంలో పేరుంది.

ఫాల్గుణం, మొదటి వారం

పాలక మండలి వాళ్ళకు ప్రదర్శన ఇచ్చాం.

ఎండ ఇప్పుడే మొదలైంది. మధ్యాహ్నం బయట నిలబడితే చెప్పు అడుగు నేలకు అంటుకుంటోంది. ఇంకొన్నాళ్ళలో, ఉగాది వెళ్ళగానే, ఊరంతా దిగుడు. ఆషాఢంలో వాన పడేదాకా మనుషులందరూ కొండ కింద తవ్విన దిగువపేటలో ఉంటారు. పైన తెల్ల కప్పు వేసిన మా హాలు, ఫ్యాన్ హౌస్, రెండు కాపలా గదులు తప్ప ఏమీ చల్లగా ఉండవు. దిగువపేటకు ఊపిరి ఫ్యాన్ హౌస్ నుంచి కిందికి దిగే పెద్ద ఇనుప గొట్టం. ఏడాదంతా అందులో దుమ్ము పేరుకుంటుంది. దిగుడుకు ముందు గొట్టపోళ్ళు పాకుకుంటూ వెళ్ళి చేత్తో తీస్తారు. ఈ ఏడు ఆ పని మా పేడపురుగులకు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి మండలి వచ్చింది.

హాలు నేల మీద ఎర్రమట్టి చల్లాం. యంత్రాలు చక్కగా వరుసలు కట్టి, ఊడ్చి, ఉండలు చేసి, మూలకు చేర్చాయి. చివర్లో అన్నీ కలిసి ‘స్వాగతం’ అని అక్షరాలుగా నిలబడ్డాయి. మండలి అధ్యక్షురాలు మాణిక్యాంబ గారు కళ్ళు తుడుచుకున్నారు. సున్నా పక్కన వంకర పడిందని నాకు కనిపించింది, ఆవిడకు కనిపించలేదు.

ఆవిడకు కనిపించనిది ఇంకొకటి ఉంది. హాలు కప్పుకు ఒక కెమెరా ఉంది. అది పైనుంచి ప్రతి యంత్రం వీపు మీది గుర్తును చూసి, నువ్వు ఫలానా చోట ఉన్నావు, ఫలానా వైపు తిరిగి ఉన్నావు అని క్షణక్షణం రేడియోలో చెబుతూ ఉంటుంది. అది చెప్పకపోతే ఈ సూక్ష్మ సమూహానికి గోడకూ గుమ్మానికీ తేడా తెలియదు. కెమెరా సంగతి మురహరి గారి ఉపన్యాసంలో లేదు. జయంత్ వ్యాసంలోనూ లేదు. గొట్టంలో కప్పు లేదు, వెలుతురు లేదు, కెమెరా పెడితే గంటలో దుమ్ము కప్పేస్తుంది.

గొట్టపోళ్ళ మేస్త్రీ ఖాజా కూడా వచ్చాడు. ఉద్యోగం పోతుందని గొడవకు వచ్చాడనుకున్నాను. ఒక యంత్రాన్ని చేతిలోకి తీసుకుని పసిపిల్లను చూసినట్టు చూశాడు.

“మా తమ్ముడు ఆ దుమ్ము తినే పోయినాడు మేడం” అన్నాడు నాతో. “దగ్గి దగ్గి పోయినాడు. నాకూ మోకాళ్ళు పోయినాయి. ఇవి గన పనిజేస్తే నేను ఈ సారుకు కాళ్ళు మొక్కుతా.”

మురహరి గారు అతని భుజం తట్టారు. “ఇకనుంచి మనిషి ఎవ్వరూ ఆ గొట్టంలోకి వెళ్ళనక్కర్లేదు” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. జయంత్ అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

ఫాల్గుణం, మూడో వారం

హాలు వెనక పాత గొట్టం ముక్క ఒకటి పడి ఉంటే దాన్ని రెండు వంపులతో కలిపించి, దుమ్ము పోసి, పది యంత్రాలను వదిలాను.

కెమెరా మాట వినబడకపోతే చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని దూరం ఊహించుకోమని జయంత్ వాటికి నేర్పాడు. పింగాణీ నేల మీద అది పనిచేస్తుంది. పిండి లాంటి దుమ్ములో చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. యంత్రం మాత్రం చాలా దూరం వచ్చేశాననుకుంటుంది. పదీ మొదటి వంపు దగ్గరే నిలబడి, గమ్యం చేరాం అని రేడియోలో చెప్పుకుని, ఒకదాన్నొకటి నమ్మి, అక్కడే ఉండలు దింపేశాయి. మా శాఖ సమావేశాలు గుర్తొచ్చాయి.

మురహరి గారికి చూపించాను. ఆయన గొట్టంలోకి కాదు, గడియారం వైపు చూశారు.

“సుమా, సమస్యలు చెప్పేవాళ్ళు ఈ దేశంలో కోకొల్లలు. పరిష్కారం చెప్పు.”

“చక్రాలు మార్చాలి. ప్రతి వంపు దగ్గరా దారి చెప్పే చిన్న రేడియో ఒకటి బిగించాలి. ఈ ఏడు గొట్టపోళ్ళనే పంపించి, వచ్చే ఏడు చూద్దాం.”

“వచ్చే ఏడా? మండలి ఈ ఏడే నిర్ణయం తీసేసుకుంది. గొట్టపోళ్ళను పంపించేశారు కూడా. సగంమంది సముద్రం వైపు ఉప్పు పండించే కయ్యలకు వెళ్ళిపోయారట.” మళ్ళీ గడియారం చూసి, “నీకు నెగెటివ్ థింకింగ్ ఎక్కువ” అన్నారు.

జయంత్ ఆ పక్కనే నిలబడి వంపు దగ్గరి ఉండల గుట్టను చూస్తున్నాడు. అతని ముఖం పాలిపోయింది. ప్రొఫెసర్ కదలగానే ఆయన వెనకే నడిచాడు. ఆ వెన్నెముక ఏ పరీక్షలో తప్పి పోయిందో.

ఫాల్గుణం, చివరి వారం

మండలి కార్యాలయానికి వెళ్ళి కార్యదర్శిని కలిశాను. చెప్పిందంతా విన్నాడు. ఎంతో శ్రద్ధగా తల ఊపాడు. తర్వాత నా ఎదుటే ఫోనెత్తి మురహరి గారికే చేశాడు.

“సార్, మీ లాబ్ నుంచి సుమ మేడం వచ్చారు. యంత్రాలు పనిచేయవంటున్నారు. ఆహా. ఆహా. అర్థమైంది సార్.” ఫోను పెట్టేసి నావైపు దయగా నవ్వాడు. “పని ఒత్తిడి ఎక్కువైందటగా మేడం. నాలుగు రోజులు సెలవు తీసుకోండి.”

అక్కణ్ణుంచి ఖాజా ఇంటికి వెళ్ళాను. అతను దిగువపేటకు సామాను సర్దుకుంటున్నాడు.

“ఖాజాన్నా, ఆ యంత్రాలు గొట్టంలో పనిచెయ్యవు. నీ మనుషుల్ని వెనక్కి పిలిపించు” అన్నాను.

అతను మూట ముడి వేయడం ఆపలేదు.

“మేడం, ఏమీ అనుకోవద్దు. ఆ సారుకూ మీకూ పడదని ఊరంతా తెలుసు గదా. యా పొద్దు జూసినా ఆయన్ని ఏదో ఒకటి అంటానే ఉంటారు. ఆయన్నే కాదు, అందర్నీ అంటారు. మా గొట్టపోళ్ళు సోమరిపోతులని పోయినేడు మీరే అన్లేదా?”

అన్నాను. సోమరిపోతులే అప్పుడు.

“ఇప్పుడు ఇది నిజం చెప్తాండా.”

“మీరు ఎప్పుడూ ఒకే గొంతుతో చెప్తారు మేడం. యాది నిజమో, యాది కోపమో మాకెట్ల తెలస్తాది?” అని మూట భుజానికెత్తుకున్నాడు.

చైత్రం, మొదటి వారం

ఉగాది మర్నాడు గొట్టంలోకి యంత్రాలను వదిలాం. మురహరి గారు కొబ్బరికాయ కొట్టారు. చెక్క ఒకటి గొట్టంలోకి దొర్లిపోతే దాన్ని తీయడానికి ఖాజానే సగం దాకా దూరాల్సి వచ్చింది. ఇకనుంచి మనిషి ఎవ్వరూ ఆ గొట్టంలోకి వెళ్ళనక్కర్లేదు.

ఒకటి తర్వాత ఒకటి చీకట్లోకి పోయాయి. గొట్టం ఇనుముది కాబట్టి మా రేడియో వంపు దాటి పోదు. మొదటి యంత్రం చెప్పింది రెండోది విని మూడోదానికి చెప్పాలి. అలా చేతులు మారి వచ్చిన మాట ఫ్యాన్ హౌస్‌లో తెర మీద పచ్చటి చుక్కగా కనబడుతుంది. సాయంత్రానికి తెర అంతా పచ్చగా అయింది. గమ్యం చేరాను, గమ్యం చేరాను, గమ్యం చేరాను.

“గొట్టం శుభ్రం” అని మురహరి గారు సంతకం పెట్టారు. యంత్రాలు ఈ వేసవంతా లోపలే ఉండి దుమ్ము తీస్తూ ఉంటాయని ప్రకటించారు. ఫ్యాన్ వేస్తే గాలి వెళ్ళింది. నిరుటి కన్నా కొంచెం తక్కువ. ఆ కొంచెం నేను తప్ప ఎవరూ చూడలేదు. నేను చెబితే పని ఒత్తిడి.

రెండు రోజులకు దిగుడు అయిపోయింది. జనం మంచాలు, కుండలు, కోళ్ళు అన్నీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళారు. పైన మేం కొద్దిమందిమి మిగిలాం.

చైత్రం, చివరి వారం

ఫ్యాన్ హౌస్‌లో ఒత్తిడి ముల్లు రోజూ కాస్త పైకి జరుగుతోంది. ఫ్యాన్ ఎంత తోస్తే అంత వెనక్కి వస్తోందని దాని అర్థం. దిగువపేటలో ఆఖరి వీధి వాళ్ళు తలనొప్పి అంటున్నారు. మండలి వైద్యుడు నీళ్ళు ఎక్కువ తాగమన్నాడు. నీళ్ళతో ఊపిరి పీల్చుకునే విద్య అతనికి వచ్చినట్టుంది.

తెర మాత్రం పచ్చగా ఉంది. నేను యంత్రాలను ఒక్కొక్కదాన్నీ పిలిచి అడిగాను. అన్నీ గమ్యం చేరాయి. ఇంకా దుమ్ము వస్తూనే ఉంది, అవి ఇంకా ఉండలు చేస్తూనే ఉన్నాయి, తాము చేరామనుకున్న చోటే ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాయి. ఆ జిగురునీళ్ళు ఆరితే ఉండ గులకరాయిలా అవుతుంది.

ఆగిపొమ్మని ఆదేశం పంపాను. వినవు. మనిషి ఆదేశం వినకపోవడమే వాటి గొప్పతనం. ఆ తాళం తీసే సంకేతపదం జయంత్ దగ్గర ఉంది. అడిగాను.

“ప్రొఫెసర్ గారిని అడగాలి” అన్నాడు.

“మీ బుర్ర కూడా ఆయన దగ్గరే ఉందా?”

అతను వెళ్ళిపోయాడు.

వైశాఖం, మొదటి వారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి ఖాజా కిందినుంచి మెట్లెక్కి ఫ్యాన్ హౌస్‌కు వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము. నిలబడలేక గోడకు ఆనుకున్నాడు. ఆఖరి వీధిలో పొయ్యి అంటుకోవడం లేదనీ, ముసలివాళ్ళు లేవడం లేదనీ అనుమానం వచ్చి కింది వైపునుంచి గొట్టంలోకి పాకి చూశాడట.

“గోడ ఉండాది” అన్నాడు. “కిందినుంచి రెండో వంపు కాడ. సిమెంటు మాదిరి. చెయ్యి పెడితే గాలి ఇంతకూడా లేదు.”

మాణిక్యాంబ గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఆవిడ పక్కన మురహరి గారు, ఆయన వెనక జయంత్. తెర పచ్చగా వెలుగుతోంది.

“ఏదో చిన్న అడ్డు అయ్యుంటుంది” అన్నారు మురహరి గారు. “ఫ్యాన్ వేగం పెంచండి. కొట్టుకుపోతుంది.”

పెంచారు. ముల్లు ఎర్రగీత దాకా పోయింది. కిందినుంచి ఫోను వచ్చింది. వచ్చే ఆ కాస్త గాలీ ఆగిపోయిందని.

“తోసే కొద్దీ ఆ గోడ గట్టిపడుతుంది” అన్నాను. “ఫ్యాన్ ఆపాలి. ఆపాక యంత్రాలతోనే వెనకనుంచి గోడను పీకించాలి. అంతదాకా కింద ఉన్నవాళ్ళను పైకి తీసుకురావాలి.”

“ఈ ఎండలోకా?” అన్నారు మాణిక్యాంబ గారు.

“మా హాల్లోకి. మెట్ల తలుపునుంచి హాలు దాకా నడవాలి. అంతే ఎండ.”

మురహరి గారు ముందుకు వచ్చారు. “హాల్లోకి వందలమందా? ఆ నేల క్యాలిబ్రేషన్ మొత్తం పోతుంది. మేడం, ఈవిడ మొదటినుంచీ ఈ ప్రాజెక్టు మీద పగబట్టి ఉన్నారు. మీకు తెలియంది కాదు.”

మాణిక్యాంబ గారు నావైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. ఖాజా మూట కట్టుకుంటూ చూసిన చూపే. నేను చెప్పింది నిజం కావచ్చు, కానీ చెప్పింది నేను. ఈ మనిషి అందర్నీ అంటుంది, ఇవాళ కూడా అంటోంది. నా గొంతులో ఇంకో రకం మాట ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను. లేదు.

ఆవిడ జయంత్ వైపు తిరిగారు. “ప్రోగ్రామ్ రాసింది మీరే కదా. మీరు చెప్పండి. అవి గోడ ఎందుకు కట్టాయి?”

జయంత్ మురహరి గారి వైపు చూశాడు. ఆయన చిన్నగా తల అడ్డంగా ఊపారు. ఇక ఇతను మంచినీళ్ళు తేవడానికి బయల్దేరతాడనుకున్నాను.

“వాటికి దారి తెలియదు మేడం” అన్నాడు జయంత్. “హాల్లో కప్పు మీద కెమెరా ఉంది. అదే వాటికి దారి చెబుతుంది. మీరు చూసిన రోజు కూడా అదే చెప్పింది. గొట్టంలో చెప్పేవాళ్ళు లేరు. అవి వంపు దగ్గరే ఆగి చేరామనుకున్నాయి. ఈ సంగతి మాకు ఫాల్గుణంలోనే తెలుసు. సుంకమ్మ గారు చూపించారు.”

“జయంత్” అన్నారు మురహరి గారు. “నీ వ్యాసం ఏమవుతుందో ఆలోచించుకున్నావా?”

“ఆలోచించుకున్నాను సార్. ఇన్నాళ్ళూ అదే ఆలోచించాను.”

మాణిక్యాంబ గారు ఫ్యాన్ ఆపమన్నారు. ఖాజా అప్పటికే మెట్ల వైపు వెళ్తున్నాడు.

జయంత్ నా పక్కన కూర్చుని సంకేతపదం కొట్టాడు. పాత ప్రోగ్రామ్ తీసేస్తే మాఘం నుంచి యంత్రాలు పోగుచేసుకున్న జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. అది లేకపోతే వ్యాసానికి ఆధారం లేదు. చెరపాలా అని తెర అడిగింది. అతను అవునని నొక్కి, వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నాడు. వెంటనే ఇద్దరం కలిసి చాలా చిన్న ప్రోగ్రామ్ రాశాం. ముందున్న ఉండను బ్రష్షులతో పట్టుకో. వెనక్కి లాగు. వదిలెయ్. మళ్ళీ పట్టుకో. అందులో సమూహ నిర్ణయం లేదు, స్వయం ఆలోచన లేదు. గొట్టం నోటి దగ్గరున్నదానికి ఎక్కించాం. అది పక్కదానికి చెప్పింది, అది ఇంకోదానికి. తెర మీద పచ్చచుక్కలు ఒక్కొక్కటీ ఆరిపోతూ వచ్చాయి. అంత సంతోషంగా నేనెప్పుడూ తెర ఆరడం చూడలేదు.

ఈలోగా జనం పైకి వస్తున్నారు. తడిగుడ్డలు కప్పుకుని, ఒకరినొకరు పట్టుకుని. హాలు నేల మీద ఎక్కడపడితే అక్కడ కూలబడ్డారు. మురహరి గారు గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పి రమ్మని చెబుతున్నారు.

గొట్టంలో గీకుడు చప్పుడు మొదలైంది. చెవి ఆనిస్తే ఎలుకలు చెక్క కొరికినట్టు వినబడుతోంది. కిందినుంచి ఖాజా, ఇంకో ఇద్దరు గడ్డపారలతో పొడవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాటాక గోడకు పైభాగంలో చిల్లు పడింది. నెమ్మదిగా ఫ్యాన్ వేశాం. ఫోనులో ఖాజా గొంతు వినబడింది. మొదట దగ్గు, తర్వాత మాట.

“వస్తాండాది మేడం. ఈల ఏసినట్టు వస్తాండాది.”

సాయంత్రం తెలిసింది. విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఉగ్గాని అమ్మే సాలమ్మ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. ఎంతసేపైనా లేవకపోతే చూశారు. ప్రాణం లేదు. ఊపిరాడక అలసిపోయిన గుండె, పైన ఆ వేడి. మెట్లెక్కించమన్నది నేను. ఎక్కించకపోతే ఆ వీధిలో ఎంతమంది పోయేవారో నాకు తెలుసు. తెలియడం వల్ల ఏమీ తేలిక కాలేదు.

ఆవిడ ఉగ్గానిలో నూనె ఎక్కువని నేను చాలాసార్లు అన్నాను. అయినా రోజూ తినేదాన్ని.

వైశాఖం, రెండో వారం

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు ప్రొఫెసర్ మురహరి గారు. గొట్టాల సంగతి తెలిసిన పెద్దమనిషి ఊళ్ళో ఇంకెవరూ లేరట.

మొదటి సమావేశంలోనే రెండు విషయాలు తేల్చారు. ఒకటి, సాలమ్మ మరణానికి కారణం మెట్ల మీద రద్దీ, దానికి కారణం తొందరపాటుతో ఇచ్చిన సలహా. రెండు, ఆపద సమయంలో సూక్ష్మ సమూహం ఎంతో చాకచక్యంగా అడ్డును తొలగించింది కాబట్టి దాని సామర్థ్యం రుజువైంది. మాణిక్యాంబ గారు రెండోదానికి తల ఊపలేదు, మొదటిదానికి అడ్డు చెప్పలేదు. ఆవిడకు మళ్ళీ ఎన్నికలున్నాయి.

జయంత్ పేరు పరిశోధకుల పట్టీలోంచి తీసేశారు. గది ఖాళీ చేస్తుంటే వెళ్ళాను. ఇన్నాళ్ళుగా ఈ మనిషిని చిన్నచూపు చూడడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు చేజారితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

“పదిహేడో నంబరు రెండింటికి ఇచ్చింది నేనే” అన్నాడు అతను, పుస్తకాలు పెట్టెలో పెడుతూ.

“తెలుసు” అన్నాను. అతను నవ్వాడు. ఎవరూ నవ్వకముందే అతను నవ్వడం మొదటిసారి చూశాను.

వైశాఖం, మూడో వారం

యంత్రాల్లో చాలావరకు చచ్చాయి. బ్రష్షులు అరిగిపోయి, ఇరుసుల్లో జిగురు గడ్డకట్టి, గొట్టం నిండా పడి ఉన్నాయి. గోడ సగమే పోయింది. హాల్లోకి వచ్చిన జనం మళ్ళీ కిందికి దిగారు. చిల్లులోంచి వచ్చే గాలితో దిగువపేట ఆషాఢం దాకా నెట్టుకురాలేదు. మనుషులు వెళ్ళి తియ్యాల్సిందే. ఉప్పు కయ్యలకు పోయిన గొట్టపోళ్ళు ఈ ఎండలో వెనక్కి రాలేరు. ఖాజాకు మిగిలింది ఇద్దరు.

అతను ఫ్యాన్ హౌస్‌కు వచ్చి నన్ను ఏమీ అడగలేదు. మాణిక్యాంబ గారిని మనుషులు కావాలని అడిగాడు. మండలిలో తీర్మానం చేస్తామన్నారు.

“నేను వస్తా” అన్నాను.

ఖాజా నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “దూరినాక మధ్యలో వెనక్కి తిరగను కాదు మేడం. జాగా ఉండదు.”

“తెలుసులే.”

“తెలీదు మీకు” అన్నాడు. కోపంగా కాదు. ఆ తర్వాత జయంత్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఖాజా అతనికీ ఒక తాడు అందించాడు.

పొద్దున్నే ఫ్యాన్ ఆపి పైవైపునుంచి దూరాం. ముందు ఖాజా, వెనక నేను, నా వెనక జయంత్, చివర మిగతా ఇద్దరు. నడుముకు తాడు, నుదుటికి దీపం, ముక్కుకు మూడు మడతల గుడ్డ. గొట్టం లోపల ఇంత వేడి ఉంటుందని ఏ కొలతలోనూ నేను చదవలేదు. మోచేతులు ఇనుము మీద ఆనిస్తే చురుక్కుమంటున్నాయి. పిండి దుమ్ము. కదిలితే లేస్తుంది, లేచి ఎక్కడికీ పోదు. ఇందులో ఖాజా తమ్ముడు ఏళ్ళ తరబడి పాకాడు. పైన చల్లటి హాల్లో కూర్చుని వాళ్ళను సోమరిపోతులన్న మనిషి ఇప్పుడు అతని దారిలోనే పాకుతోంది.

మొదటి వంపు దగ్గర దీపం వెలుగులో చచ్చిన యంత్రాలు కనిపించాయి. గుట్టగా, ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకే వైపు మొహం పెట్టి. వాటిని చూడగానే నాకు బోలెడు మాటలు వచ్చాయి. మురహరి గారి సంతకం మీద, విచారణ సంఘం మీద, నీళ్ళు తాగమన్న వైద్యుడి మీద, తీర్మానం చేస్తామన్న మండలి మీద. అన్నీ మంచి మాటలే. ఒక్కటీ అబద్ధం కాదు.

“చూడు ఖాజాన్నా, వీటిని” అని మొదలుపెట్టాను.

ఖాజా వెనక్కి తిరగలేదు. తిరగడానికి జాగా లేదు. పాకుతూనే అన్నాడు.

“నోరు మూసుకో మేడం. మాట్లాడితే దుమ్ము పోతాది లోపలికి. మా తమ్మునికి పాటలు పాడుకునే అలవాటుండె.”

నోరు మూసుకున్నాను. గుడ్డ ఇంకో చుట్టు బిగించి, అతని మడమలు ఎటు కదిలితే అటు పాకుతూ, చేతికి అందిన మొదటి ఉండను ఊడబెరికి వెనకనున్న జయంత్ చేతికి అందించాను. అతను అందుకుని తన వెనకవాడికి ఇచ్చాడు.